మేఫ్లవర్ ఎక్కిన పిల్లవాడి తండ్రి ఎవరు?

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో సేలం అని ఒక ఊరుంది. తమిళనాడు సేలం కాదు, మంత్రగత్తెలని ముద్ర వేసి 1692లో పంతొమ్మిది మందిని ఉరితీసిన సేలం. బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు ఇండియా నుంచి చుట్టాలొస్తే ఒకరోజు తీసుకెళ్లి చూపించే ఊళ్లలో అదొకటి. చార్టర్ వీధి పక్కన పాత శ్మశానంలో, ఆ కేసులు విచారించిన జడ్జి జాన్ హాథోర్న్ సమాధి ఎక్కడా అని జనం వెతుక్కుంటూ తిరుగుతుంటారు. అదే ఆవరణలో ఇంకో పలకరాయి ఉంది. కెప్టెన్ రిచర్డ్ మోర్, వయసు 84, మరణం 1692, మేఫ్లవర్ యాత్రికుడు అని దాని మీద చెక్కి ఉంటుంది.

రాతి మీద నాలుగే నాలుగు సంగతులు. వాటిలో పేరూ ఓడా నిజం. వయసు తప్పు, చనిపోయిన సంవత్సరం తప్పు. పైగా ఆ సంవత్సరం, ఓడ పేరు అసలు శిల్పి చెక్కినవి కావు. రెండు శతాబ్దాలు గడిచాక ఎవరో భక్తి కొద్దీ చేర్చారు. 1694 మార్చిలో రిచర్డ్ మోర్ ఒక కాగితం మీద సాక్షి సంతకం పెట్టాడు, అంటే రాయి చెప్పిన చావు తర్వాత కూడా బతికే ఉన్నాడు. 1696 ఏప్రిల్ నాటికి మాత్రం లేడు.

వలస కాలం నాటి మనిషి వంశం తీయడం ఎంత చిక్కుపనో చెప్పడానికి ఈ ఒక్క రాయి చాలు. అయితే రిచర్డ్ కథలో అసలు చిక్కు చావు దగ్గర లేదు, పుట్టుక దగ్గరుంది. అది విడిపోవడానికి మూడు వందల ఏళ్లు పైనే పట్టింది. విడదీసింది కూడా చరిత్రకారుల తెలివి కంటే ఒక మొగుడూ పెళ్లాల తగాదా అని నా అభిప్రాయం.

ముందు నేపథ్యం కొంచెం. 1620లో ఇంగ్లండు నుంచి 102 మంది ప్రయాణికులతో మేఫ్లవర్ అనే ఓడ బయల్దేరి ఇప్పటి మసాచుసెట్స్ తీరం చేరింది. వాళ్లు కట్టుకున్న ఊరు ప్లిమత్. మొదటి చలికాలంలోనే సగం మంది పోయారు. మిగిలినవాళ్ల సంతానం పెరిగి పెరిగి, మా ముత్తాతల ముత్తాత ఆ ఓడలో వచ్చాడు అని చెప్పుకోవడం అమెరికాలో పెద్ద గొప్పయింది. 1897లో అలాంటివాళ్లకు ఒక సంఘం కూడా ఏర్పడింది. సభ్యత్వం కావాలంటే మాటలు చెల్లవు. మీ నుంచి ఓడ ఎక్కిన మనిషి వరకు ప్రతి తరానికీ పుట్టుక, పెళ్లి, చావు కాగితాలు చూపాలి. మధ్యలో ఒక్క తరం తెగినా అంతే.

ఈ పక్కన, అంటే అమెరికా నేల మీద, పని కష్టమేగానీ అసాధ్యం కాదు. న్యూ ఇంగ్లండు, అంటే మసాచుసెట్స్ ఉన్న ఈశాన్య ప్రాంతపు ఊళ్లవాళ్లు మొదటినుంచీ పుట్టుకలూ చావులూ రాసిపెట్టుకున్నారు. వీలునామాలు, భూమి దస్తావేజులు, కోర్టు పుస్తకాలు చాలావరకు నిలిచాయి. కష్టమంతా సముద్రం దాటే మెట్టు దగ్గర. ఈ ఒడ్డున కనిపించే జాన్ స్మిత్, ఆ ఒడ్డున ఏదో పల్లె చర్చి పుస్తకంలో జ్ఞానస్నానం పొందిన జాన్ స్మిత్ ఒకరేనా? పేరు కలిసినంత మాత్రాన మనిషి కలవడు. గుంటూరు జిల్లాలో వెంకటేశ్వర్లు అన్న పేరు పట్టుకుని ఫలానా మనిషిని వెతకమంటే ఎలా ఉంటుంది? అదీ ఇంటిపేరు చెప్పకుండా.

ఇంగ్లండులో పారిష్ రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి, ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో. ప్రతి చర్చిలోనూ పెళ్లి, జ్ఞానస్నానం, ఖననం రాయాలన్నాడు. రాశారు కూడా, కానీ ఎలుకలు కొట్టినవి, తడిసినవి, పాదిరిగారు బద్ధకించినవి తీసేస్తే చాలా చోట్ల ఏళ్లకేళ్లు ఖాళీలే. దాంతో ఆ ఖాళీలు పూడ్చి పెట్టే వ్యాపారులు పుట్టుకొచ్చారు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో న్యూయార్క్ స్టేటన్ ఐలాండ్‌లో గుస్తావ్ ఆంజూ అనే పెద్దమనిషి ఉండేవాడు. డబ్బున్న అమెరికన్లకు తొమ్మిది వేల డాలర్ల దాకా తీసుకుని, అందమైన వంశవృక్షాలు రాసిచ్చాడు. ఇంగ్లండులో లేని వీలునామాల నుంచి కూడా భాగాలు ఉటంకించేవాడు. అవన్నీ లైబ్రరీల్లో చేరాయి, తర్వాతివాళ్లు వాటినే ఎత్తి రాశారు, ఇప్పటికీ ఇంటర్నెట్ వంశవృక్షాల్లో ఆయన నాటిన చెట్లు కాస్తూనే ఉన్నాయి.

మోసం లేని చోట కూడా తప్పు నిలబడుతుంది. మేఫ్లవర్‌లో వచ్చిన జాన్ హౌలండ్ అనే ఆయన ప్లిమత్ తొలి గవర్నరు జాన్ కార్వర్ కూతుర్ని పెళ్లాడాడని వంశంలో అందరూ నమ్మారు. 1836లో సమాధి రాయి వేయించి దాని మీద కూడా అదే చెక్కించారు. ఇరవై ఏళ్లు తిరక్కుండా కొంప మునిగింది. ప్లిమత్ రెండో గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ స్వహస్తంతో రాసిన చరిత్ర, అమెరికా విప్లవం రోజుల్లో బోస్టన్ నుంచి మాయమైంది, 1855లో లండన్ బిషప్ గారి లైబ్రరీలో బయటపడింది. మరుసటేడు అచ్చయింది. అందులో ఓడ ప్రయాణికుల జాబితా ఉంది, ఎవరు ఎవర్ని పెళ్లాడారో ఉంది. హౌలండ్ భార్య ఎలిజబెత్ టిల్లీ. ఆమె తల్లిదండ్రులు కూడా అదే ఓడలో వచ్చి మొదటి చలికాలంలో పోయారు. గవర్నరు గారి అల్లుడు కావడం కంటే ఇది తక్కువేం కాదనుకోండి, కానీ రాయి మాత్రం మార్చుకోవలసి వచ్చింది.

ఆ బ్రాడ్‌ఫర్డ్ జాబితాలోనే మన రిచర్డ్ మోర్ కనిపిస్తాడు. విలియం బ్రూస్టర్ అనే పెద్దాయన కుటుంబం కింద, ఆయనకు అప్పగించిన కుర్రవాడు రిచర్డ్ మోర్, అతని సోదరుల్లో ఇంకొకడు అని రాశాడు. ఎడ్వర్డ్ విన్‌స్లో దగ్గర ఎలెన్ అనే పిల్ల, కార్వర్ దగ్గర జాస్పర్ అనే పిల్లవాడు, ఇద్దరి ఇంటిపేరూ మోరే. నలుగురు పిల్లలు, మూడు ఇళ్లలో పనివాళ్లుగా. అమ్మానాన్నల మాటే లేదు. ఓడ దిగి ముప్ఫై ఏళ్లయ్యాక ఈ జాబితా రాస్తూ బ్రాడ్‌ఫర్డ్ ఒక పొరపాటు కూడా చేశాడు. ఆ ఇంకొక సోదరుడు సోదరుడు కాదు, మేరీ అనే నాలుగేళ్ల పిల్ల. చూసినవాడే, వాళ్లతో బతికినవాడే, అయినా ఆడపిల్లని మగపిల్లవాడని రాశాడు. కళ్లతో చూసినవాడి రాతకి కూడా రెండో సాక్ష్యం కావాలని వంశాలు వెతికేవాళ్లు పట్టుబట్టేది ఇందుకే.

ఆ చలికాలంలో ఎలెన్, జాస్పర్, మేరీ పోయారు. రిచర్డ్ ఒక్కడే మిగిలాడు.

తోడులేని పిల్లలని చూసి, లండన్ వీధుల్లోని అనాథలై ఉంటారని చాలామంది ఊహించారు. ఊహ సహజమైందే, ఆ రోజుల్లో లండన్ నుంచి దిక్కులేని పిల్లల్ని వర్జీనియాకి పంపేవాళ్లు. ఇంగ్లండు పశ్చిమాన వేల్స్ సరిహద్దులో ష్రాప్‌షైర్ అనే జిల్లా ఉంది. అక్కడ షిప్టన్ అనే చిన్న పల్లె. ఆ ఊరి చర్చి రిజిస్టరులో నలుగురి జ్ఞానస్నానాలు వరసగా ఉన్నాయి. ఎలెన్ 1612 మే 24, జాస్పర్ 1613 ఆగస్టు 8, రిచర్డ్ 1614 నవంబరు 13, మేరీ 1616 ఏప్రిల్ 16. తండ్రి సామ్యూల్ మోర్, తల్లి కేథరిన్. లార్డెన్ అనే ఎస్టేటు భూస్వాముల ఇంటి పిల్లలు! నాలుగు పేర్లూ వరసతో సహా కలవడం కాకతాళీయం కాదు కదా అని మనకి అనిపిస్తుంది. కానీ ఓడ ఎక్కిన పిల్లలూ ఈ పిల్లలూ ఒకరేనని ఆ పుస్తకం చెప్పదు. పైగా అంత ఉన్నింటి పిల్లల్ని పరాయి ఇళ్లలో చాకిరీకి ఎందుకు పంపుతారు? ఈ ప్రశ్నకి జవాబు లేనంతకాలం సందేహం సందేహంగానే ఉంది.

సముద్రం దాటే మెట్టుకి ఒక కొస సేలం కోర్టు కాగితాల్లో దొరికింది. 1684 సెప్టెంబరులో కెప్టెన్ రిచర్డ్ మోర్ ఒక వాంగ్మూలం ఇచ్చాడు. వయసు డెబ్బై ఏళ్లు లేక సుమారుగా అని రాశారు. 1620లో లండన్‌లో థామస్ వెస్టన్ అనే ఇనుప సరుకుల వర్తకుడి ఇంట్లో ఉండేవాణ్ననీ, అక్కడినుంచి న్యూ ప్లిమత్‌కి పంపబడ్డాననీ చెప్పాడు. తన కథ చెప్పుకోవడానికి కాదు. వెస్టన్ తర్వాత సొంత ఖర్చుతో పెట్టిన ఒక వలస స్థావరం గురించి అడిగితే, ఆ సంగతులు నాకెలా తెలుసంటే అని మొదలుపెట్టి చెప్పిన మాట అది. 1684 నుంచి డెబ్బై తీసేస్తే 1614. షిప్టన్ రిజిస్టరుతో వయసు సరిపోయింది.

రెండో కొస 1959లో దొరికింది. సామ్యూల్ మోర్ వంశంవాడైన జాస్పర్ మోర్ కుటుంబ కాగితాల్లో, అటక మీద, 1622 నాటి ఒక పత్రం బయటపడింది. లండన్‌లో పెద్దింటివాళ్ల వంశ చిహ్నాలూ వంశవృక్షాలూ చూసే కార్యాలయంలో హెరాల్డు అనే అధికారిగా ఉన్న ఆంథొనీ వాగ్నర్ దాన్ని చదివి 1960లో బోస్టన్ వంశచరిత్రల పత్రికలో అచ్చు వేయించాడు. కేథరిన్ మోర్ ప్రధాన న్యాయమూర్తి జేమ్స్ లే దగ్గర పెట్టుకున్న అర్జీకి సామ్యూల్ ఇచ్చిన సంజాయిషీ అది. నా పిల్లల్ని ఏం చేశావు అని ఆమె అడిగింది. అతను అన్నీ చెప్పాడు.

లార్డెన్ మోర్లకు మగ వారసుడు లేకుండా పోయాడు. ఆస్తి దాయాదులైన లిన్లీ ఎస్టేటు మోర్లకు పోతుంది. దాంతో లార్డెన్ పిల్ల కేథరిన్‌ని లిన్లీ పిల్లవాడు సామ్యూల్‌కిచ్చి పెళ్లి చేశారు. ఈ లెక్క మన పల్లెటూళ్లలో ఎవరికీ వివరించనక్కర్లేదు, పొలం గట్టు దాటకూడదు, అంతే. పెళ్లినాటికి సామ్యూల్‌కి ఇరవై కూడా లేవు. కేథరిన్ అతనికంటే పెద్దది. ఆమె మనసు జేకబ్ బ్లేక్‌వే అనే ఇరుగుపొరుగు రైతు మీద ఉంది, పెళ్లికి ముందే అతనితో మాట అయిందని ఆమె వాదన. దానికి సాక్షులు లేకపోయినా దేవుడి ముందు అది పెళ్లే అంది. ఐదేళ్లలో నలుగురు పిల్లలు. వాళ్ల ముఖాలూ ఒంటి పోలికలూ బ్లేక్‌వేవేనని, అందుకే అనుమానం వచ్చిందని సామ్యూల్ రాశాడు.

1616లో అతను ఆస్తి ఈ పిల్లలకు చేరకుండా కాగితాలు మార్పించి, పిల్లల్ని తండ్రిగారి కౌలుదారు ఒకడి ఇంట్లో పెట్టాడు. కేథరిన్ అక్కడికి వచ్చి గొడవ చేసి, పిల్లల ఒంటిమీది బట్టలు పట్టి లాగి చింపేసిందని అదే పత్రం చెప్తుంది. కోర్టుల చుట్టూ తిరిగి ఆమె ఓడిపోయింది. 1620లో పిల్లల్ని లండన్ చేర్చి, వెస్టన్‌కి అప్పగించారు. ఖర్చులకు నూరు పౌండ్లు. ఏడేళ్లు తిండీబట్టా పెట్టి పోషించాలి, ఏడేళ్లయ్యాక తలా యాభై ఎకరాలివ్వాలి, ఇదీ ఒప్పందం. కేథరిన్ 1622లో అర్జీ పెట్టేనాటికి ఆ నలుగురిలో ముగ్గురు పోయి ఏడాదయింది.

ఇప్పుడు రెండు కొసలూ కలిపి చూడండి. సామ్యూల్ పత్రంలో వెస్టన్ ఉన్నాడు. అరవై రెండేళ్ల తర్వాత సేలంలో ముసలి కెప్టెన్ నోట మళ్లీ అదే వెస్టన్. ఒకరి మాట ఇంకొకరు వినే అవకాశమే లేని ఇద్దరు మనుషులు, రెండు ఖండాల్లో, ఒకే పేరు చెప్పారు. షిప్టన్ పిల్లవాడూ సేలం కెప్టెనూ ఒకరేనని రుజువైంది అక్కడే.

ఈ వ్యవహారంలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఇది. సఖ్యంగా బతికిన కుటుంబం గురించి చరిత్రకి మిగిలేది మూడు పంక్తులు, పుట్టాడు, పెళ్లయింది, పోయాడు. తగాదా పడినవాళ్లు మాత్రం కట్టలకొద్దీ కాగితం వదిలిపెడతారు. మన దగ్గరా అంతే కదా. ముత్తాత పేరు ఇంట్లో ఎవరికీ గుర్తుండదు గానీ, గట్టు తగాదా దావాలో తండ్రి పేరు, తాత పేరు, అన్నదమ్ముల వాటాలు అన్నీ నకలు తీస్తే దొరుకుతాయి.

తేదీల చిక్కు ఒకటి చెప్పాలి. సామ్యూల్, కేథరిన్ల పెళ్లి రిజిస్టరు ప్రకారం 1610 ఫిబ్రవరి 4. మన లెక్కలో అది 1611. ఇంగ్లండులో 1752 వరకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందువల్ల జనవరి, ఫిబ్రవరి పాత ఏడాదిలోనే ఉండేవి. ఉగాదితో సంవత్సరం పేరు మారే పాత దస్తావేజులు చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడా సంక్రాంతినాటి రాత నేటి లెక్కకి తెస్తే ఏడాది జరుగుతుంది. వంశం వెతికేవాడు ఈ సంగతి మరిస్తే, పెళ్లికి ముందే పిల్లలు పుట్టినట్టో, చచ్చినవాడు సంతకం పెట్టినట్టో లెక్క తేలుతుంది.

ఇక తండ్రి ఎవరన్న ప్రశ్న. రిజిస్టరు దృష్టిలో సామ్యూల్. సామ్యూల్ దృష్టిలో బ్లేక్‌వే. పాదిరి రాసిందీ తప్పు కాదు, పెళ్లయిన స్త్రీకి పుట్టిన పిల్లలకి భర్తే తండ్రి అన్నది నాటి చట్టం. అందుకని జాగ్రత్తపరులు రిచర్డ్ వంశాన్ని తల్లి వైపు మాత్రమే పైకి తీసుకెళ్తారు. అటువైపు పోతే కేథరిన్ పూర్వీకులు స్కాట్లండు రాజుల దాకా వెళ్తారు. మేఫ్లవర్ ప్రయాణికుల్లో రాజవంశపు మూలం కాగితాలతో చూపగలిగేది ఈ నలుగురు పిల్లలకే. అక్రమ సంతానమని ఇంట్లోంచి గెంటేసిన పిల్లలకి!

డీఎన్ఏ పరీక్ష చేస్తే తేలదా అని అడుగుతారు. మగవాడి వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా వస్తుంది. కాబట్టి రిచర్డ్ నుంచి కొడుకు, కొడుకు కొడుకు ఇలా తెగకుండా వచ్చిన మగ వారసుడు ఒకడు, లిన్లీ మోర్ల వైపునుంచి అలాగే ఒకడు, బ్లేక్‌వేల నుంచి ఒకడు కావాలి. నాలుగు వందల ఏళ్లలో మగ వరస ఎక్కడా తెగకుండా, మధ్యలో ఇంకో కేథరిన్ కథ జరగకుండా ఉండాలి. ఇక తల్లి నుంచి పిల్లలకి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ కూతుళ్ల ద్వారానే కిందికి దిగుతుంది. ఎలెన్, మేరీ చిన్నతనంలోనే పోయారు, కొడుకైన రిచర్డ్ దాన్ని తన పిల్లలకి ఇవ్వలేడు. మామూలుగా ఇళ్లకి తెప్పించుకునే ఉమ్మి పరీక్ష కిట్లు ఇంత దూరం పనికిరావు. పన్నెండు తరాలు వెనక్కి వెళ్తే ఒక మనిషికి 4,096 మంది పూర్వీకుల స్థానాలుంటాయి, వాళ్లలో ఫలానావాడి నుంచి మన ఒంట్లోకి చిన్న ముక్క కూడా రాకపోవచ్చు. వంశం నిజమే అయినా రక్తంలో ఆనవాలుండదు.

ఈ పద్ధతి అమెరికావాళ్లకే అని అనుకోనక్కర్లేదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా కూలి ఒప్పందాల మీద ఆ ఊరున్న నాటాల్ ప్రాంతానికి వెళ్లిన 1,52,184 మందిలో మన తీరం వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల మునిమనవలు ఇప్పుడు ఓడ రిజిస్టర్లలో ఊరు వెతుక్కుంటున్నారు. వాళ్లకి ఒక సౌకర్యం ఉంది, ప్రతి కూలీకీ ఒక నంబరిచ్చి తండ్రి పేరు, ఊరు, జిల్లా రాశారు. ఒక ఇబ్బందీ ఉంది, తెలుగు ఊరి పేరు ఇంగ్లిషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా పడింది, ఇంటిపేరు చాలాచోట్ల పడనే లేదు. అందుకని వాళ్లూ రిచర్డ్ మోర్ దారే పట్టాలి. ఒక్క కాగితాన్ని నమ్మకుండా, దానితో సంబంధంలేని రెండో కాగితం వెతకాలి.

పెద్దయ్యాక రిచర్డ్ నావికుడయ్యాడు. 1636లో ప్లిమత్‌లో క్రిస్టియన్ హంటర్ అనే ఆమెని పెళ్లాడాడు, సేలంలో కాపురం పెట్టాడు. 1645 అక్టోబరులో లండన్ స్టెప్నీ చర్చి రిజిస్టరులో ఇంకో పెళ్లి కనిపిస్తుంది, వరుడు రిచర్డ్ మోర్, వధువు ఎలిజబెత్ వూల్నో. పేరు ఒకటే అయితే ఎవరో మోర్ అనుకుని వదిలేసేవాళ్లమే. కానీ ఆ గుమాస్తా ఒక మాట ఎక్కువ రాశాడు, న్యూ ఇంగ్లండులోని సేలం వాసి, నావికుడు అని. అప్పటికి క్రిస్టియన్ సేలంలో పిల్లలతో ఉంది. ఆ సంగతి ఆమె బతికుండగా సేలం చేరినట్టు లేదు. ముసలితనంలో, 1688లో, వేరే వ్యవహారంలో వ్యభిచారం నేరం కింద చర్చి అతన్ని వెలివేసి, మూడేళ్లకు క్షమాపణ చెప్పాక మళ్లీ చేర్చుకుంది. దీని వివరాలు కూడా మనకు దక్కింది తగాదా వల్లనే.

ఇప్పుడు చార్టర్ వీధి శ్మశానంలో మొదటి భార్య క్రిస్టియన్ రాయి రిచర్డ్ రాయికి దగ్గర్లోనే ఉంది, తర్వాత వచ్చిన భార్య జేన్ రాయి కూడా. మేఫ్లవర్ ప్రయాణికుల్లో మొదట నాటిన చోటే నిలిచి ఉన్న సమాధి రాయి రిచర్డ్‌ది ఒక్కటే. వయసు 84 అన్నది మాత్రం పాత శిల్పి చెక్కిందే. షిప్టన్ రిజిస్టరు ప్రకారం అతనికి అన్ని ఏళ్లు ఎలా లెక్కేసినా రావు. ఎప్పుడు పుట్టాడో ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదన్నమాట. 1684 వాంగ్మూలంలో కూడా అతను వెస్టన్ ఇంటి నుంచే కథ మొదలుపెట్టాడు. ఆ ఇంటికి తనని ఎవరు తెచ్చి అప్పగించారో, అంతకుముందు ఎక్కడుండేవాడో ఒక్క ముక్క చెప్పలేదు. గుమాస్తా కూడా అడగలేదు.